మూలమునుండి నిర్మాణము: 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' గ్రంథ విమర్శ

కంప్యూటరును నడిపించు ఆధారభూతమైన సాధనసముదాయమునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మీట నొక్కినది మొదలు తెరపై అక్షరము కనబడువరకు జరుగు వ్యాపారమంతయు దాని అధీనమే. దానిని వాడువారు కోట్లకొలదిగ కలరు. అది ఎట్లు కూర్పబడినదో ఎరిగినవారు మిక్కిలి కొలదిమంది. ఈ వ్యత్యాసమునకు విషయకాఠిన్యము మాత్రమే కారణము కాదు. చాలకాలము ఆ కూర్పు వ్యాపారరహస్యముగ దాచబడినది. దాపరికము తొలగి, మూలము అందరికిని అందుబాటులోనికి వచ్చిన పిమ్మట సైతము, దానిని క్రమముగ కట్టి చూపు గ్రంథములు అరుదుగనే వెలసినవి. అట్టి అరుదైన గ్రంథములలో 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' ముఖ్యమైనది. శూన్యమునుండి, అనగా ముందుగ కట్టిపెట్టిన భాగము లేవియు వాడక, లినక్స్ వ్యవస్థను స్వహస్తముతో నిర్మించుట దాని విషయము. జెరార్డ్ బీక్‌మన్స్ 1999లో దీనిని ఆరంభించెను. పిదప అనేక సంపాదకుల చేతులలో పెరిగి, ఇటీవలి సంవత్సరములలో సామాన్యముగ ఏటికి రెండుమారులు, మార్చి, సెప్టెంబరు మాసములలో, నూతన కూర్పుగ వెలువడుచు వచ్చినది.

ఈ గ్రంథము సాధించిన దేమి, అది ఆగిపోయిన తావు లెవ్వి, తెలుగు చదువరికి దానివలన ఒనగూడు ప్రయోజన మెట్టిది అనునవి ఇందు విచార్యములు.

మూలము, ఫలము

ప్రోగ్రాము రెండు రూపములతో ఉండును. మనుష్యుడు వ్రాసి చదువుకొనగల రూపము సోర్సు కోడు. దీనినే మూలసంకేతము అనవచ్చును. యంత్రము నేరుగ అమలుచేయు రూపము బైనరీ. మూలసంకేతమును బైనరీగ మార్చు సాధనము కంపైలర్. బైనరీ మాత్రమే పొందినవాడు దానిని వాడుకొనగలడు. దానిలోని దోషమును గుర్తించి దిద్దుట అతనికి దాదాపు అసాధ్యము. మూలసంకేతము పొందినవాడు చదువగలడు, మార్చగలడు, మార్చినదానిని పదుగురికి పంచగలడు. ఈ మూడు స్వేచ్ఛలను నిలుపుటకై రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. ఆ ఉద్యమము 1987లో తన కంపైలరును లోకమున కందించినది. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించెను. 1992లో అది గ్నూ వారి సార్వజనిక అనుమతిపత్రము క్రిందికి వచ్చినది.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. లినక్స్ అనునది యథార్థమునకు కెర్నెల్ పేరు మాత్రమే. కెర్నెల్ వ్రాయువారు ఒకరు, దానితో ప్రోగ్రాములను సంధానించు సి లైబ్రరీని వ్రాయువారు ఇంకొకరు, ఆజ్ఞలను గ్రహించు షెల్లును వ్రాయువారు మరియొకరు. వారి కాలపట్టికలు వేరు, అభిరుచులు వేరు. ఈ విడిభాగములను సేకరించి, పొసగించి, వాడుకకు అనువుగ అందించుటయే డెబియన్ (1993) మొదలగు పంపిణీల పని. 1993లోనే మొదలైన ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ వ్యవస్థల పద్ధతి దీనికి భిన్నము. అందు కెర్నెల్‌యు ప్రాథమిక సాధనములును ఒకే మూలవృక్షములో, ఒకే సంఘము పాలనలో ఉండును. ఆ వృక్షపు మొదట నిలిచి ఒక ఆజ్ఞ ఇచ్చినచో వ్యవస్థయంతయు వరుసగ నిర్మితమగును. ఏది ముందు, ఏది వెనుక అను నిర్ణయము 'మేక్' అను సాధనమునకు ఇచ్చిన నియమపత్రములలో వ్రాయబడి యుండును. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ప్రయోగశాలలో రూపొందించిన ఈ 'మేక్', మారిన ఫైలును, దానిపై ఆధారపడినవానిని మాత్రమే తిరిగి కట్టు నేర్పు కలది.

అనగా బీఎస్‌డీ వర్గములో నిర్మాణక్రమము యంత్రమునకు అప్పగింపబడినది. లినక్స్‌లో అట్టి ఏకవృక్షము లేదు. క్రమమును ఎవరైన చెప్పవలెను. పంపిణీదారులు తమ కార్యశాలలలో దానిని పాటించిరి. అయితే వారు పాఠకునికి అందించినది ఫలము మాత్రమే. బీక్‌మన్స్ గ్రంథము ఆ క్రమమును మనుష్యుడు చదివి, గ్రహించి, ఆచరించు వాక్యరూపమున నిలిపినది. ఇదియే దీని జన్మకారణము, ఇదియే దీని ప్రథమ విశేషము.

గ్రంథ క్రమము

ఈ గ్రంథము ఎదుర్కొను చిక్కు బీజవృక్షన్యాయము వంటిది. కంపైలరును కట్టుటకు కంపైలరు కావలెను. సి లైబ్రరీని కట్టుటకు కంపైలరు కావలెను. సంపూర్ణమైన కంపైలరు సి లైబ్రరీ లేనిదే పనిచేయదు. కనుక ముందుగ ఏదో ఒక లినక్స్ పంపిణీ స్థాపితమైయున్న యంత్రము అవసరము. గ్రంథము దీనిని ఆతిథేయ వ్యవస్థగ వ్యవహరించును. అయితే ఆతిథేయునినుండి అరువు తెచ్చుకొన్న భాగములు నూతన వ్యవస్థలో తెలియకుండ అంటుకొని నిలిచిపోవు ప్రమాదము కలదు. ఆతిథేయుని తీసివేసిన మరుక్షణమే కూలిపోవు ఇల్లు ఇల్లు కాదు గదా! ఈ అంటును తొలగించుటయే గ్రంథమునందలి ప్రక్రియకు సారము.

అందుకై గ్రంథము పనిని అంతస్తులుగ విభజించినది. మొదట ఒక వేరు డిస్కుభాగములో, పరిమిత పరిసరములుగల ఒక ప్రత్యేక వినియోగదారుని పేర, బిన్‌యుటిల్స్ అను అసెంబ్లర్, లింకర్ సముదాయము కట్టబడును. దానివెంట సి లైబ్రరీ తోడు లేని అసంపూర్ణ కంపైలరు కట్టబడును. ఆ అసంపూర్ణ సాధనముతో, కెర్నెల్ ప్రకటించు శీర్షికాఫైళ్ల ఆధారముగ, గ్లిబ్‌సి అను సి లైబ్రరీ నిర్మితమగును. దాని ఆధారముతో సి ప్లస్ ప్లస్ లైబ్రరీయు, తాత్కాలిక సాధనములును సిద్ధమగును. 2020 సెప్టెంబరులో వెలువడిన 10.0 కూర్పునుండి ఈ దశలు క్రాస్ కంపైలేషన్ పద్ధతి ననుసరించినవి. ఒక జాతి యంత్రముపై నిలిచి వేరొక జాతి యంత్రమునకు ప్రోగ్రాములు కట్టు పద్ధతి అది. ఇచ్చట యంత్రము ఒక్కటియే అయినను, పేరు వేరుగ చెప్పి, అది వేరొక యంత్రమే అని సాధనములను నమ్మించుటవలన ఆతిథేయుని అంటు చాలవరకు తెగిపోవును. ఇది చక్కని యుక్తి.

పిమ్మట 'క్రూట్' అను ఆజ్ఞతో నిర్మాత నూతన గృహములోనికి ప్రవేశించి తలుపు మూయును. అప్పటినుండి అతనికి ఆతిథేయుని ఫైళ్లు కనబడవు. ఆ లోపల ఇంచుమించు ఎనుబది ప్యాకేజీలు ఒకదాని వెనుక ఒకటిగ తుదిరూపమున కట్టబడును. ఈ వరుసను తప్పరాదనియు, రెండు ప్యాకేజీలను ఏకకాలమున కట్టరాదనియు గ్రంథము గట్టిగ హెచ్చరించును. తాత్కాలిక సాధనముల త్రోవలు తుది ప్రోగ్రాములలో అచ్చుపడకుండుటయే ఈ కట్టుబాటునకు కారణము. కంపైలరునకు ముందు జిఎమ్‌పి, ఎమ్‌పిఎఫ్‌ఆర్, ఎమ్‌పిసి అను మూడు గణిత లైబ్రరీలు రావలెను. అవి లేనిదే కంపైలరు నిలువదు. తుదకు కెర్నెల్, దానిని మేల్కొలుపు గ్రబ్ అను బూట్‌లోడర్ స్థాపితములగును. యంత్రమును తిరిగి ప్రారంభించినప్పుడు నల్లని తెరపై ఒక వాక్యము పలుకరించును. అంతతో మూలగ్రంథము ముగియును. చిత్రమయమైన తెర, ముద్రణ, జాలవిహారము మొదలగునవి దీని అనుబంధగ్రంథమగు 'బియాండ్ లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' అధికారములోనివి.

గుణములు

మొదటి గుణము పరీక్షాదృష్టి. గ్లిబ్‌సి కట్టిన వెంటనే, ఏ పనియు చేయని ఒక చిన్న ప్రోగ్రామును కంపైలు చేయించి, అది ఏ లోడరును పిలుచుచున్నదో పరిశీలింపుమని గ్రంథము చెప్పును. ఫలితము చెప్పినట్లు రానిచో ముందునకు పోరాదు. గ్లిబ్‌సి, బిన్‌యుటిల్స్ ప్యాకేజీల స్వీయపరీక్షలను ఏ పరిస్థితిలోను విడువరాదని హెచ్చరించును. పునాది వంకరయైనచో పై అంతస్తులో దానిని దిద్దుట అసాధ్యమను ఇంగితము ఇందు స్పష్టము.

రెండవ గుణము కొలమానపు నిజాయితీ. ఒక ప్యాకేజీ కట్టుటకు ఎన్ని నిమిషములు పట్టునను ప్రశ్నకు అందరికిని సరిపడు సమాధానము లేదు. యంత్రముల వేగము భిన్నము. గ్రంథము నిమిషములను విడిచి, బిన్‌యుటిల్స్ తొలిమారు కట్టుటకు పట్టిన కాలమును ఒక ప్రమాణముగ గ్రహించి, తక్కినవన్నియు దానికి ఎన్ని రెట్లో చెప్పును. పాత యంత్రము గలవానికిని కొత్త యంత్రము గలవానికిని ఒకే పట్టిక ఉపయోగపడును. రైతు తన పొలమును తన జానతోనే కొలుచుకొన్నట్లు, ఎవరి యంత్రము వారికి కొలబద్ద. బోధకగ్రంథములలో ఇంత వివేకము తరచుగ కనబడదు.

మూడవది హేతుకథనము. ప్రతి ప్యాకేజీయు ఎందుకు చేర్పబడినదో గ్రంథము ముందుగనే చెప్పును. ఏది దేనిపై ఆధారపడునో అనుబంధమున పట్టికగ ఇచ్చును. నాలుగవది పంచుకొను అనుమతి. గ్రంథపాఠము వ్యాపారేతరమైన క్రియేటివ్ కామన్స్ అనుమతిక్రింద, అందలి ఆజ్ఞలు ఎమ్‌ఐటి అనుమతిక్రింద లభ్యములు. విషయమునకు తగిన ఔదార్యము గ్రంథమునకును కలదు.

దోషములు

ఇంత ప్రశంసార్హమైన గ్రంథమున దోషములు లేకపోలేదు. వానిలో గురుతరమైనది బోధనకు సంబంధించినది. ఆజ్ఞలన్నియు యథాతథముగ ఎత్తి వ్రాసికొనుటకు అనువుగ ఇయ్యబడినవి. పాఠకుడు ఒకదాని వెనుక ఒకటి ప్రతి చేసుకొనుచు పోయినను తుదకు వ్యవస్థ సిద్ధమగును. అందులో ఒక్క వాక్యమైనను అతనికి బోధపడవలసిన నిర్బంధము లేదు. ఆజ్ఞల క్రింద ఇచ్చిన టిప్పణము పలుతావుల ఏమి చేయబడుచున్నదో చెప్పును గాని ఎందుకు చేయబడుచున్నదో చెప్పదు. ఒక నిదర్శనము: అరువదినాలుగు బిట్ల యంత్రములపై జిసిసి కట్టునప్పుడు, ఆ కంపైలరు మూలములోనే ఒక మార్పు చేసి, లైబ్రరీల నివాసమును 'లిబ్64' నుండి 'లిబ్' అను పేరునకు మార్చుమని గ్రంథము ఆదేశించును. ఈ రెండు పేర్లు ఏల పుట్టినవి? ముప్పదిరెండు బిట్ల లైబ్రరీలును అరువదినాలుగు బిట్ల లైబ్రరీలును ఒకే యంత్రమున కలసి నివసించు అవసరమునుండి. ఆ అవసరము ఈ గ్రంథపు వ్యవస్థలో లేదు గనుక రెండవ నివాసము అక్కరలేదు. ఇంత సులభముగ చెప్పదగిన హేతువు ఆ తావున చెప్పబడలేదు. ప్రతి చేయువాడు మార్పు చేసినాడు. మర్మము మాత్రము తెలిసికొనలేదు.

పూర్వము అర్థము తెలియని లేఖకుడు వ్రాసిన తాళపత్రప్రతి ఎట్టిదో ఇట్లు కట్టిన వ్యవస్థయు అట్టిదే. అక్షరములన్నియు ఉండును; ఒక అక్షరము జారినచో దానిని పట్టుకొను శక్తి వ్రాసినవానికి ఉండదు. గ్రంథకర్తలు ఈ ప్రమాదమును ఎరుగకపోలేదు. ఆజ్ఞలను స్వయముగ అమలుచేయు యంత్రసహాయమును వారు మూలగ్రంథములో చేర్పక వేరొక ప్రణాళికగ నిలిపిరి. అయితే నిషేధము బోధనము కాజాలదు.

రెండవ దోషము పోషణకు సంబంధించినది. కట్టిన వ్యవస్థ కట్టినట్లే నిలువదు. నేడు నిర్దుష్టమని తోచిన ప్యాకేజీలో రేపు భద్రతాలోపము బయటపడవచ్చును. పంపిణీలలో ప్యాకేజీ మేనేజర్ అను సాధనము పాతదానిని తొలగించి కొత్తదానిని నిలుపును. గ్రంథము అట్టి సాధనమును ఇయ్యదు. పలు పద్ధతులను పేర్కొని, ఎంపికను పాఠకునికి విడుచును. ఎల్లరకు ఒప్పు పరిష్కారము లేదను వాదము సత్యమే. ఇల్లు కట్టుట నేర్పి, కప్పు కారినప్పుడు చేయవలసినది చెప్పక విడుచుట మాత్రము అసమగ్రతయే. ఫ్రీబీఎస్‌డీవారి పోర్ట్స్ సంగ్రహము 1994 నాటికే మూలమునుండి ప్యాకేజీలను కట్టి, వాని పరస్పరాధారములను లెక్కించు మార్గమును చూపినది. డేనియల్ రాబిన్స్ ప్రారంభించిన జెంటూ లినక్స్ ఆ మార్గమునే లినక్స్ లోనికి తెచ్చి 2002లో తొలి సంపూర్ణ కూర్పును వెలువరించినది. కావున ఈ చిక్కు పరిష్కరింపరానిది కాదు.

మూడవది విశ్వాసమునకు సంబంధించినది, ఇది సూక్ష్మతరము. మూలమునుండి స్వయముగ కట్టితిని గనుక నా వ్యవస్థ నిర్మలమని నిర్మాత తలచుట సహజము. ఆ తలంపు ఎంతవరకు సత్యము? కెన్ థాంప్సన్ 1984లో ప్రకటించిన ట్యూరింగ్ పురస్కారోపన్యాసములో ఈ ప్రశ్నకు కఠినమైన సమాధాన మొసగెను. ద్రోహబుద్ధిగల ఒక కంపైలరు, లాగిన్ ప్రోగ్రామును కట్టునప్పుడు అందులో దొంగతలుపు నొకదానిని చేర్పగలదు. తన్ను తాను తిరిగి కట్టునప్పుడు అదే ద్రోహమును నూతన కంపైలరులో నిలుపగలదు. అప్పుడు మూలసంకేతము ఎంత పరిశుద్ధమైనను ఫలము కలుషితమే. ఈ గ్రంథములోని మొదటి కంపైలరును కట్టునది ఆతిథేయుని కంపైలరే. అది నిర్మాత చూడని బైనరీయే. ఈ వంశదోషమును మొదలంట పరిశీలింపవలెనని పూనుకొన్న గుయిక్స్ బృందము 2023లో, 357 బైట్ల ఒక అల్పబీజమునుండి కంపైలరువరకు మెట్టుమెట్టుగ పెంచు క్రమమును ప్రకటించినది. 'శూన్యమునుండి' అను మాటకు అది సమీపతరమైన అర్థము.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన ఎక్స్‌జెడ్ ఉదంతము ఇంకొక పాఠము నేర్పినది. దూరపు యంత్రములోనికి ప్రవేశించునప్పుడు సుమారు అరసెకను ఆలస్యమగుటను శంకించి అతడు శోధింపగా, ఎక్స్‌జెడ్ అను సంపీడన ప్యాకేజీయొక్క 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగతలుపు కనబడినది. అందు గమనింపవలసినది ద్రోహము నిలిచిన తావు. ప్రజలు చూచు మూలభాండారములో లేని ఒక నిర్మాణాదేశము, విడుదలచేసిన టార్‌బాల్ మూటలో మాత్రము చేర్పబడినది. అనగా ద్రోహము నిర్మాణక్రమమునే ఆశ్రయించినది. నిర్మాణాదేశములను అర్థము చేసికొనక అమలుచేయుట ఎంత ప్రమాదకరమో దీనివలన తేలినది. ఈ గ్రంథము ప్యాకేజీల మూటలను సరిచూచుకొనుటకు ఎమ్‌డి5 అను సంఖ్యాముద్రల నిచ్చును. మూట త్రోవలో చెడినదా లేదా అని తెలిసికొనుటకు అవి చాలును. ద్రోహమును పట్టుటకు చాలవు. వేరువేరు ఫైళ్లకు ఒకే ఎమ్‌డి5 ముద్ర కల్పింపవచ్చునని 2004లోనే చైనా శాస్త్రవేత్తలు నిరూపించిరి. ఎక్స్‌జెడ్ వంటి సందర్భమున ఎంత దృఢమైన ముద్రయైనను అక్కరకు రాదు. మూటను కట్టినవాడే ద్రోహియైనప్పుడు ముద్ర సరిగనే ఉండును. చదివి గ్రహించువారు అనేకులు ఉండుటయే దీనికి విరుగుడు.

తెలుగు చదువరి దృష్టి

ఈ విచారము తెలుగువారికి ఏల అనవచ్చును. ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాష ఒకచోట నివసింపదు; అంతస్తంతస్తునను దానికి వేరుగ స్థానము కల్పింపవలెను. ఈ సత్యము సిద్ధముగ దొరకిన యంత్రమును వాడువానికి కనబడదు. మూలమునుండి కట్టువానికి తప్పక కనబడును.

మొదటి అంతస్తు అక్షరసంఖ్యలు. యూనికోడ్ తెలుగు లిపికి 128 స్థానములుగల ఒక ఖండమును కేటాయించినది. 'స్త్రీ' అను ఏకాక్షరము యంత్రములో ఆరు సంఖ్యల వరుస: సకారము, హల్లుగుర్తు, తకారము, హల్లుగుర్తు, రేఫము, ఈకారపు గుడి. రెండవ అంతస్తు లొకేల్, అనగా భాషకును దేశమునకును సంబంధించిన వాడుకల పట్టిక. వారముల పేర్లు, అంకెల విభజన, అకారాదిక్రమము మొదలగునవి ఇందుండును. గ్లిబ్‌సి మూలములో తెలుగు లొకేల్ కలదు. అయితే గ్రంథము పరీక్షలకు అవసరమని వరుసగ స్థాపింపజేయు కొలది లొకేళ్లలో తెలుగు లేదు. ఇది ద్వేషము కాదు; ఆ పట్టిక పరీక్షల సౌకర్యమునకై కూర్చినది. అన్నింటిని స్థాపించు మార్గమును గ్రంథము చెప్పుచునే యున్నది. కాని ఫలితము స్పష్టము: అడిగినవానికే తెలుగు వచ్చును. ఒక్క వరుస ఆజ్ఞ చేర్చినచో చాలును. ఆ వరుస చేర్పవలెనని తెలిసినవాడు ఒకడు ఉండవలెను.

ఈ లొకేల్ పేరులో మరియొక విశేషము కలదు. అది 'తెలుగు, భారతము' అని రెండు మాటలను మాత్రమే కూర్చును. అందు రాష్ట్రము లేదు, జిల్లా లేదు. బళ్లారిలోని వాడైనను, హోసూరులోని వాడైనను, బరంపురములోని వాడైనను, షోలాపురములోని వాడైనను, యానాములోని వాడైనను, తెలుగు కోరినవాడు కోరునది అదే పట్టిక. ఎల్లలకు ఆవల తరతరములుగ నివసించు తెలుగువారికి పాఠశాలలలోను కార్యాలయములలోను తమ లిపి దొరకుట స్థలమునుబట్టి మారవచ్చును. ఈ పట్టికలో ఆ భేదము లేదు. దానికి దిద్దుబాటు సూచించు అధికారమును ఎల్లరకు సమానమే.

మూడవ అంతస్తు అక్షరరూపము. ఇచ్చట గ్రంథముయొక్క ఎల్ల తేటపడును. మూలగ్రంథము నల్లని తెరవద్ద ముగియును. లినక్స్ కెర్నెల్ నడుపు ఆ తెరకు అత్యధికముగ 512 అక్షరరూపములే చెల్లును. ఒత్తులను గుణింతములను కలిపి సంయుక్తాక్షరము తీర్చు నేర్పు దానికి లేదు. కావున గ్రంథము చెప్పినదంతయు తప్పులేకుండ ఆచరించినవాడు తన వ్యవస్థలో తెలుగు ఫైలును దాచగలడు, ప్రతి తీయగలడు, వెదకగలడు, చదువజాలడు. చదువుటకు అనుబంధగ్రంథమునకు పోయి, చిత్రతెరను, తెలుగు ఫాంటును, ఆరు సంఖ్యలను ఒక 'స్త్రీ'గ తీర్చు హార్ఫ్‌బజ్ అను లైబ్రరీని కట్టుకొనవలెను. రోమను లిపివానికి ప్రథమగ్రంథాంతముననే చదువు ప్రాప్తించుచుండగా, తెలుగువానికి రెండవ గ్రంథమున చాల దూరము నడచిన పిమ్మట గాని ప్రాప్తింపదు. ఇది సంపాదకుల దోషమని చెప్పరాదు. వ్యవస్థయొక్క పుట్టుకలోని పక్షపాతము. కాని ఆ పక్షపాతమును ఇంత స్పష్టముగ చూపిన గ్రంథము వేరొకటి కనబడదు.

2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన ఈ సందర్భమున స్మరింపదగినది. 'జ్ఞ' సంబంధమైన ఒక తెలుగు అక్షరకూటము తెరపై పడినంతనే ఆపిల్ వారి ఐఫోనులలో ప్రోగ్రాములు ఆగిపోయెను. ఆ అక్షరములను తీర్చు భాగముయొక్క మూలసంకేతము వాడుకరులకు అందుబాటులో లేదు. లోకమందలి తెలుగువారిలో ప్రోగ్రాములు వ్రాయనేర్చినవారు ఎందరున్నను, 11.2.6 అను సవరణ కూర్పు ఆ మాసమే వెలువడువరకు వేచియుండుట తప్ప వేరు గతి లేకపోయినది. ఓపెన్ సోర్స్ భాగములలో ఇట్టి దోషములు పుట్టవని కాదు, పుట్టును. పుట్టినప్పుడు వానిని వెదకి దిద్దు హక్కు భాష తెలిసినవారికి ఉండుటయే భేదము. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు మాటలతో కూడిన లినక్స్ పంపిణీని రూపొందింపగలిగినది ఈ హక్కువలననే.

ఒక ఆక్షేపము

ఇంత శ్రమ ఎందులకు, సిద్ధమైన పంపిణీ ఒకటి గంటలోపల స్థాపితమగుచుండగా ఎనుబది ప్యాకేజీలను చేతితో కట్టుట కాలహరణము గాదా అని ఆక్షేపింపవచ్చును. దినవ్యవహారమునకు యంత్రము కావలసినవాని విషయమున ఈ ఆక్షేపము సరియైనదే. అతనికి ఈ గ్రంథము తగదు. ఇట్లు కట్టిన వ్యవస్థను పెక్కు సంవత్సరములు పోషించుటయు ఒక్కనికి సాధ్యమగు పని కాదు. అయితే వ్యాకరణము చదువనిదే మాటలాడరాదని ఎవరును అనరు. వ్యాకరణము తెలిసినవారు ఊరిలో ఒక్కరైనను లేకపోయినచో భాషకు వచ్చు కీడును ఎవరును కాదనరు. వేయిమంది వాడుకరులలో ఒక్కడు ఈ మార్గమున ఒకమారు నడచియున్నను, తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమందికి అతడు దిక్కగును. తెలుగక్షరము చెడినప్పుడు ఏ అంతస్తులో చెడినదో, లొకేల్‌లోనా, ఫాంటులోనా, అక్షరము తీర్చు లైబ్రరీలోనా, చెప్పగలవాడు అతడే.

ముగింపు

'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' నిర్మాణక్రమమును లోకమునకు తెరచి చూపిన ఉత్తమ గ్రంథము. క్రమశుద్ధియందును, పరీక్షాదృష్టియందును, కొలమానపు నిజాయితీయందును అది అనుకరింపదగినది. హేతుకథనము పలుతావుల కొరవడినది. పోషణ విషయమున అది పాఠకుని నడిమధ్య విడుచును. తాను చేకూర్చు విశ్వాసమునకు గల ఎల్లలను అది తగినంత ఎత్తిచూపదు. ఈ కొరతలు సంపాదకులు పూరింపవలసినవి కొన్ని, పాఠకులు పూరించుకొనవలసినవి కొన్ని.

తెలుగున ప్రతి ప్రధానగ్రంథమునకును టీకాతాత్పర్యములు కూర్చు సంప్రదాయము చిరకాలమునుండి కలదు. ఈ గ్రంథమునకు కావలసినది పదమునకు పదము పెట్టు అనువాదము కాదు. ఆరునెలలకొకమారు మారు మూలమును అనువాదము వెంబడింపజాలదు. ప్రతి ఆజ్ఞకును హేతువు చెప్పి, లొకేల్ మొదలు ఫాంటువరకు తెలుగునకు సంబంధించిన మెట్లను మూలక్రమములోనే చేర్చి చూపు వ్యాఖ్య కావలెను. అట్టి వ్యాఖ్య ఏ ఊరి తెలుగువారు వ్రాసినను అన్ని ఊళ్ల తెలుగువారికిని పనికివచ్చును. అది లేనంతవరకు తెలుగు యంత్రములో ఇతరుల దయచే ఉండును. అది వెలసిన నాడు తెలిసినవారి రక్షణలో ఉండును.